వెనీర్ ప్లై కోతకి 60 పళ్ల బ్లేడు: కొనొచ్చా?

నమస్తే అండీ. టేబుల్ మీద ఉన్న రెండు ముక్కలూ 19 మి.మీ. టేకు వెనీర్, అంటే పల్చటి టేకు పొర, అతికించిన ప్లైవే. రెండూ గ్రెయిన్‌కి (చెక్క నారకి) అడ్డంగా కోసినవే. ఎడమది సర్క్యులర్ సాకి, అంటే చేత్తో తోసే కరెంటు రంపానికి, 24 పళ్ల బ్లేడు వేసి కోసింది, అంచు పొడవునా పెచ్చులు లేచాయి. కుడిది 60 పళ్ల కార్బైడ్ బ్లేడుతో కోసింది. చాలా నయం. కానీ వేలితో రాస్తే అక్కడక్కడా గరుకు తగులుతోంది.

ఎందుకంటే, సర్క్యులర్ సా పళ్లు కిందనుంచి పైకి కోస్తూ వస్తాయి. పై ముఖాన వెనీర్ మందం అర మిల్లీమీటరు, అంతే. దాన్ని అదిమి పట్టేది ఏమీ లేకపోతే ఏ బ్లేడైనా పెచ్చు లేపుతుంది. అందుకే మంచి వైపు కిందికి పెట్టి, గీత వెనకవైపు గీసుకోవాలి. బ్లేడు బల్లలోంచి పైకి వచ్చే టేబుల్ సా అయితే ఉల్టా, మంచి వైపు పైకే.

మరి రెండు వైపులా వెనీర్ ఉన్న అల్మారా షట్టర్‌కి? దానికి ఈ గైడు పలక చేసుకోండి. అడుగున 6 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక), పైన వంకర లేని పట్టీ. మెషిన్ బేస్ ప్లేటుని (అడుగు రేకుని) పట్టీకి ఆనించి ఒక్కసారి నడిపితే, ఎక్కువున్న ఎండీఎఫ్ తెగిపోతుంది. ఇక ఆ అంచే మీ కోత గీత. దాన్ని ఉంచుకునే ముక్క మీద గీతకి ఆనించి క్లాంపు చేస్తే, వెనీర్‌ని అదే అదిమి పడుతుంది. బ్లేడు మారిస్తే కోత మందం మారుతుంది, అంచు కూడా మళ్లీ కోసుకోవాలి. ఇంకా నమ్మకం కావాలంటే, ముందు కట్టర్‌తో స్టీలు స్కేలు వెంట వెనీర్ తెగేదాకా గాటు పెట్టండి.

మాస్కింగ్ టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. దాన్ని విసురుగా లాగితే వెనీర్ కూడా దాంతోనే లేచొస్తుంది.

లోతు: పన్ను షీటు కిందికి 3, 4 మి.మీ. దిగితే చాలు. గైడు మందం 6 మి.మీ. కలుపుకోవడం మర్చిపోకండి. లోతు ఎక్కువైతే పళ్లు దాదాపు నిలువుగా పైకొచ్చి పొరని ఎత్తేస్తాయి. షీటు కింద పూర్తిగా థర్మోకోల్ పరవండి. లేకపోతే చివర్లో ముక్క వాలి బ్లేడుని బిగించేస్తుంది, మెషిన్ వెనక్కి తన్నుతుంది.

కొనొచ్చా అంటే, అడ్డకోతలకి తప్పకుండా కొనండి. గ్రెయిన్ వెంట కోసే 8 అడుగుల నిలువు కోతలకి 40 పళ్లది మేలు. 60తో మరీ నెమ్మదిగా తోస్తే అంచు మాడుతుంది. కొనేముందు మధ్య రంధ్రం మీ మెషిన్‌కి సరిపోతుందో, బ్లేడు మీద రాసిన ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మెషిన్ ఆర్పీఎం కంటే తక్కువ లేదో చూసుకోండి.