కానుగ నూనెకు మరో దారి

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది కానుగ నూనె. మూత తీస్తే ముందు వరుస దాకా వాసన వస్తుంది. దీన్ని బయోడీజిల్ చెయ్యాలంటే మిథనాల్, కాస్టిక్ సోడా కలపాలి. పైన డీజిల్, కింద గ్లిజరిన్ తేటగా విడిపోవాలి. మేం మొదటిసారి చేసినప్పుడు అలా జరగలేదు. ఫ్లాస్కు నిండా విరిగిన పాలలా ముద్ద, దాని మీద నురగ. అంతా సబ్బే! గింజ తడిలో నిలవ ఉంటే నూనెలో కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. సోడా వాటిని పట్టుకుని సబ్బు చేస్తుంది.

అయితే ఆ నూనె పారబోయాల్సిందేనా? అక్కర్లేదు. క్యాటలిటిక్ క్రాకింగ్‌కు, అంటే ఉత్ప్రేరకం సాయంతో వేడి మీద పెద్ద అణువులను తెంపే పద్ధతికి, ఈ ఆమ్లాలు పెద్ద అడ్డు కావు.

కానుగ నూనెలో ఎక్కువగా ఉన్నవి 18 కార్బన్ల గొలుసులు. పెట్రోల్‌కు సుమారు 5 నుంచి 12 కార్బన్లు చాలు. కాబట్టి గొలుసు తెంపాలి. వేడి ఒక్కటే చాలదు, ఎక్కడ పడితే అక్కడ తెగుతుంది. అందుకే నూనె ఆవిరిని 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర జియోలైట్ అనే సన్నని రంధ్రాల ఉత్ప్రేరకం మీదుగా పంపుతాం. జెడ్ఎస్ఎం-5 అనే జియోలైట్ రంధ్రం వెడల్పు సుమారు 5.5 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రాం అంటే మిల్లీమీటరులో కోటో వంతు. బెంజీన్, టోలుయీన్ లాంటి అణువులు అందులోంచి దూరి రాగలవు, అంతకంటే బాగా లావైనవి రాలేవు. 1979లోనే మొబిల్ కంపెనీ పరిశోధకులు మొక్కజొన్న నూనెనూ ఆముదాన్నీ ఇలా పెట్రోల్ తరహా ద్రవంగా మార్చి చూపించారు. ఆముదం అంటే మన పాలమూరు చేలల్లో పండేదే కదా.

ఇక కష్టాల సంగతి. నూనె బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజన్. అది నీరుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. పోతూ పోతూ మన హైడ్రోజన్‌నో కార్బన్‌నో వెంట తీసుకుపోతుంది. కొంత నూనె గ్యాస్ అవుతుంది. ఇంకొంత కోక్ అనే బొగ్గులాంటి మసి అయి ఉత్ప్రేరకం రంధ్రాలను పూడ్చేస్తుంది. నూనెలో జిగురు, సోడియం, పొటాషియం ఉంటే ఉత్ప్రేరకం ఇంకా త్వరగా పాడవుతుంది, అందుకని ముందే జిగురు తీయాలి. వంటనూనెను మాత్రం దీనికి వాడకూడదని నా గట్టి అభిప్రాయం. జనం తినేదాన్ని ట్యాంకులో పోయడం తప్పు.

ఆదిలాబాద్ అడవుల్లో పవర్‌గూడ అనే ఊరుంది. అక్కడి గోండు మహిళల సంఘం కానుగ మొక్కలు పెంచింది. ఆ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. అలాంటి ఊళ్ళ నుంచి వచ్చే గింజ వానకు తడిసినా వృథా కాకూడదు. నా పని అంతా దాని కోసమే.

టీ తర్వాత ల్యాబ్‌కి రండి. వాడిన ఉత్ప్రేరకం ట్యూబులో బొగ్గులా నల్లగా ఉంది. గాలి పంపి 550 డిగ్రీల దగ్గర కోక్‌ను కాల్చేస్తాం. మీ కళ్ళ ముందే మళ్ళీ తెల్లబడుతుంది.