మెట్లున్నాయని ముందే చెప్పండి

అందరికీ నమస్కారం. నన్ను మాట్లాడమన్నారు అంటే ర్యాంప్ గురించి, అదే మెట్ల బదులు వేసే ఏటవాలు దారి గురించి, చెప్తానని అనుకునే ఉంటారు, చెప్తాను, కానీ దానికంటే ముందు ఇంకోటుంది. రెండు గదులు, ఒక వరండా, నలుగురు వాలంటీర్లు, మనలాంటి చిన్న మ్యూజియంలన్నీ దాదాపు ఇంతే కదా, వికలాంగులు కూడా వచ్చి చూసేలా చేద్దాం అనగానే "మా దగ్గర అంత డబ్బెక్కడుందండీ" అంటాం. నిజమే, లేదు. కానీ పైసా ఖర్చు లేని పని ఒకటుంది, అది కూడా చెయ్యట్లేదు మనం. వచ్చేవాళ్ళకి ఉన్నదున్నట్టు ముందే చెప్పడం.

గుమ్మం ముందు 3 మెట్లున్నాయని వీల్‌చైర్‌లో వచ్చే మనిషికి ఇంట్లో ఉన్నప్పుడే తెలిస్తే, ఫోన్ చేసి పక్క తలుపు తీయించుకుంటాడో, తోడు ఇంకొకర్ని తెచ్చుకుంటాడో, అసలు రావడమే మానుకుంటాడో, అది ఆయనిష్టం. ఇక్కడిదాకా వచ్చాక తెలిస్తే మాత్రం అందరి ముందూ వెనక్కి తిరగాలి. అందుకే వెబ్‌సైట్‌లో "అందరికీ స్వాగతం" అని పూలబొమ్మ పెట్టేకన్నా మెట్లెన్ని, తలుపు వెడల్పెంత, టాయిలెట్‌లోకి వీల్‌చైర్ పడుతుందా, మధ్యలో ఎక్కడైనా కూర్చోవచ్చా, ఇవి ఫోటోలతో పెట్టండి. టేపు పట్టుకుంటే ఒక్క పూట పని. (ఆ టాయిలెట్‌ని స్టోర్‌రూమ్ చేసి చీపుర్లూ పాత బ్యానర్లూ కుక్కి ఉంటే, ముందు అవి తీసేయండి.)

సరే, ర్యాంప్. ఎక్కువగా వాడే లెక్క 1:12, అంటే 1 సెంటీమీటర్ ఎత్తుకి 12 సెంటీమీటర్ల పొడవు. మెట్టు 15 సెంటీమీటర్లనుకుంటే 3 మెట్లకి 5.4 మీటర్లు కావాలి. మనమేం చేస్తాం, ఒక చెక్క పలక వేసి ర్యాంప్ ఉందంటాం, అది ర్యాంప్ కాదండీ జారుడుబల్ల. తలుపు కొలిచేటప్పుడు కూడా చట్రం కాదు, తలుపు తెరిచాక మిగిలే సందు కొలవాలి, అమెరికాలో వికలాంగుల కోసం చేసిన ఏడీఏ చట్టం ప్రమాణంలో అది కనీసం 81 సెంటీమీటర్లు. లోపల కుర్చీ తిరగడానికి సుమారు 150 సెంటీమీటర్ల వెడల్పు ఖాళీ.

ఇంకో పని చెయ్యండి, ఓ మామూలు కుర్చీ తెచ్చుకుని ప్రతి అద్దాల పెట్టె ముందూ కూర్చుని చూడండి. సగం లేబుళ్ళు కనపడవు, పైనున్న అద్దంలో ట్యూబ్‌లైట్ తప్ప. గోడకి తగిలించిన పెట్టెలు ఇంకో బాధ, చూపులేక చేతికర్రతో నడిచే మనిషికి కర్ర నేల దగ్గరున్నదే చెప్తుంది, నడుం పైన ముందుకి పొడుచుకొచ్చిన పెట్టె సంగతి నుదురో భుజమో చెప్తుంది. దాని కింద నేల మీద ఒక దిమ్మ పెడితే కర్ర ముందు దానికి తగులుతుంది, అయిపోయింది.

వెలుతురు దగ్గర మాత్రం నిజంగా చిక్కుంది. పాత కాగితాలు, బట్టలు, ఫోటోలు పాడవకుండా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటనివ్వకూడదంటారు, చూపు తక్కువున్నవాళ్ళకి ఆ వెలుతురు చాలదు. వస్తువు మీద లైటు పెంచలేం కాబట్టి లేబుల్‌ని పక్కకి జరిపి దాని మీద వేరే లైటు వెయ్యండి, అవే వివరాలు పెద్దక్షరాల్లో, 18 పాయింట్లకి తగ్గకుండా, ప్రింట్ తీసి గుమ్మం దగ్గర పెట్టండి, చేతిలో పట్టుకుని వెలుతురులోకి వెళ్ళి చదువుకుంటారు. డిజైనర్‌కి బూడిద రంగు మీద లేత బూడిద రంగు ఎంత ముద్దొచ్చినా ఒప్పుకోకండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం, ముట్టుకోవడం. ఇటలీలో అంకోనా అనే ఊళ్ళో ఒమేరో మ్యూజియం ఉంది, 1993లో మొదలైంది, చూపులేని దంపతుల ఆలోచన అది, అక్కడ శిల్పాల్ని చేత్తో తడిమి చూడొచ్చు. మనం ఆ స్థాయికి వెళ్ళక్కర్లేదు, కానీ పెద్ద మ్యూజియాలకి లేనిది మనకొకటుంది, ఒకే రకం వస్తువులు ఐదారు. ఐదు తాళాలుంటే ఒకటి చేతికివ్వండి, దాని బరువూ తాళంచెవి తిరగడం ఏ లేబులూ చెప్పలేదు. అరిగిపోతుందంటారా, నిజమే, అందుకే జంటలున్నవే ఇవ్వాలి, ఉంగరాలు తీయించాలి, చేతులు కడిగించాలి, చెమటకి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి లోహాల్ని సాయంత్రం తుడిచి పెట్టాలి. కాగితం, బట్ట అసలివ్వొద్దు.

బ్రెయిలీ, అదే వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపి, పెట్టేశాం కదా అంటారు కొందరు. లూయీ బ్రెయిలీ 15 ఏళ్ళకే, 1824లో ఆ లిపి తయారుచేశాడు, గొప్ప పని, కానీ చూపులేనివాళ్ళందరికీ బ్రెయిలీ రాదు, పెద్దవయసులో చూపు పోయినవాళ్ళకి మరీను. పైగా నిలువు గోడ మీద అతికిస్తే చదవడానికి మణికట్టు వెనక్కి విరవాలి, అసలు అక్కడ ఉందని వాళ్ళకెలా తెలుస్తుంది? నడుం ఎత్తులో ఏటవాలుగా పెట్టి, దాంతోపాటు మాటల్లో వర్ణించే ఒక ఆడియో కూడా రికార్డ్ చెయ్యండి, ఫోన్ చాలు.

వీడియోలకి సబ్‌టైటిల్స్ వెయ్యండి. సైగల భాషతో పెరిగినవాళ్ళకి మనం రాసే భాష రెండో భాష, కాబట్టి లేబుళ్ళలో పొట్టి వాక్యాలు రాయండి. మోతలు తట్టుకోలేనివాళ్ళ కోసం వారంలో ఒక గంట స్పీకర్లు ఆపేయండి.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. ఒకసారి వీల్‌చైర్ తోస్తున్నాయన్ని "వీరికి ఏం చూపించమంటారు?" అనడిగాను. కుర్చీలో ఉన్నాయన తలెత్తి "వీరినే అడగండి" అన్నాడు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం, 30వ అధికరణంలో మ్యూజియంలని పేరుపెట్టి మరీ వాటిలోకి వెళ్ళగలగడం హక్కని రాసింది, నాకు మాత్రం ఆయనే నేర్పాడు. అప్పట్నించి కొత్త ప్రదర్శన పెట్టేముందు ఇద్దరు ముగ్గురు వికలాంగుల్ని పిలిచి, వాళ్ళ టైముకి డబ్బులిచ్చి, గదులు తిప్పి చూపిస్తున్నాం, లేబుళ్ళు ప్రింట్‌కి పంపకముందే.

ఇక ప్రశ్నలు అడగండి. మైక్ తీసుకునే అడగండి, "నా గొంతు పెద్దదే, మైకెందుకు" అనకండి, ఇక్కడ వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.