కోడిపెట్ట ముందే చెబుతుంది

శ్రోతలందరికీ నమస్కారం.

చిన్నప్పుడు మీలో చాలామంది ఈ ఆట ఆడే ఉంటారు. ఒకరి వెనక ఒకరు నడుం పట్టుకుని నిలబడతాం. ముందున్నది తల్లికోడి, ఎదురుగా గద్ద. "గద్దొచ్చె కోడిపిల్లా" అంటే "కీయ్ కీయ్" అని అరుస్తూ వరసంతా మెలికలు తిరిగేది. ఎప్పుడూ చిట్టచివర నేనే ఉండేవాణ్ణి. ఎప్పుడూ నేనే దొరికేవాణ్ణి.

ఇవాళ డేగ గురించి మాట్లాడతాను. మా గోదావరి జిల్లాల్లో డేగ అనగానే జనానికి సంక్రాంతి బరి గుర్తొస్తుంది. కాకి, నెమలి, డేగ అని పుంజులకి రంగును బట్టి పెట్టిన పేర్లు కదా. నేను చెప్పేది ఆ డేగ సంగతి కాదు. ఆ డేగలు పిల్లలుగా ఉన్నప్పుడు ఎత్తుకుపోయే అసలు డేగ సంగతి. రాజుల కాలంలో వేటడేగల్ని పెంచేవారు. సాళువ నరసింహరాయలు ఉన్నాడే, ఆ 'సాళువ' అనేది వేటడేగ పేరే. ఇదంతా కాగితం మీద రాసుకొచ్చాను గానీ, నాకిచ్చింది ఆరు నిమిషాలు. వదిలేస్తున్నాను. మా పెరట్లోకి వెళ్దాం.

డిసెంబరు నెల, పొద్దున్న ఎనిమిదింటికి. వెనక వరండాలో స్టూలు మీద కూర్చున్నాను. చేతిలో కాఫీ గ్లాసు, మెళ్లో కొత్తగా కొన్న బైనాక్యులర్స్. అమ్మ వంటింట్లో, నాకు వీపు పెట్టి, పొయ్యి దగ్గర. మునగచెట్టు కింద కోడిపెట్ట తొమ్మిది పిల్లల్ని వెంటేసుకుని మట్టి గీరుతోంది. నేను ఆకాశం చూస్తున్నాను. డేగని చూడాలంటే ఆకాశమే చూడాలని నా నమ్మకం.

ఉన్నట్టుండి పెట్ట ఒక కేక పెట్టింది. ఒక్కటే కేక, గొంతు సాగదీసి. అంతే, పెరడంతా చప్పబడిపోయింది. తొమ్మిది పిల్లలూ ఏమయ్యాయో తెలీదు.

లోపల్నుంచి అమ్మ, వెనక్కి తిరగకుండానే, "డేగొచ్చిందిరా" అంది.

బైనాక్యులర్స్ ఎత్తి పైకి చూశాను. ఏమీ లేదు. నీలంగా ఆకాశం, కొబ్బరి మట్టలు. "ఏదమ్మా, ఎక్కడా లేదే" అంటున్నాను. ఆ మాట పూర్తికాలేదు. తాటాకు దడి మీదుగా, నా మోకాలెత్తులో, బూడిదరంగుది ఏదో దూసుకొచ్చింది. చెంపకి గాలి తగిలింది. పసుపు కాళ్లు ముందుకి చాచి, గోళ్లు విప్పి, మునగచెట్టు కింద నేలని గీరింది. దుమ్ము లేచింది. అక్కడ పిల్ల లేదు. రెప్పపాటు కిందట ఉంది, ఇప్పుడు లేదు. కాఫీ మాత్రం నా లుంగీ మీద ఉంది.

జాలెడేగ. మన ఊళ్లలో, ఊరి తోటల్లో ఎక్కువగా కనిపించే చిన్న డేగ. పావురమంత ఉంటుంది. గురి తప్పి, బట్టలారేసే తీగ పక్కన గుంజ మీద వాలింది. నాకూ దానికీ మధ్య రెండు బారలు. ఆ దూరంలో బైనాక్యులర్స్ దేనికీ పనికిరావు! రొమ్ము మీద ఇటుకరంగు సన్నటి అడ్డగీతలు కనిపిస్తున్నాయి. ముక్కు కొంచెం తెరిచి ఆయాసపడుతోంది. నారింజరంగు కన్ను నా వైపు తిప్పింది. నిజం చెప్పాలంటే కోడిపిల్ల భయం నాకు అప్పుడు అర్థమైంది.

ఇంతలో ఉడుత అరవడం మొదలెట్టింది. దాని వెనక గోరింకలు. ఎక్కణ్ణుంచో పసులపోలిగాడు, అదే తోక చీలిన నల్లపిట్ట, వచ్చి, తనకంటే ఎంతో పెద్దదైన ఆ డేగ నడినెత్తిన టపీమని పొడిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. డేగ గబగబా నాలుగుసార్లు రెక్కలు కొట్టి, ఒక జారు జారి, మామిడితోట వైపు వెళ్లిపోయింది. సాయంత్రం చేలగట్టు మీద ఒక జాలెడేగ కనిపించింది, గోళ్లలో తొండతో. పొద్దున్నదే అయ్యుంటుంది. పోనీలే, దానికీ తిండి దొరికింది అనుకున్నాను.

అసలు సంగతి మర్నాడు జరిగింది. పెట్ట మళ్లీ అరిచింది. ఈసారి "కొక్ కొక్ కొక్" అని ముక్కలుముక్కలుగా, ఆపకుండా. అమ్మ మళ్లీ తిరిగి చూడలేదు. "పిల్లి వచ్చినట్టుంది, ఆ పాలగిన్నె మీద మూత పెట్టు" అంది. లేచి చూస్తే నిజంగానే గోడ మీద పిల్లి!

కోళ్ల మీద పరిశోధన చేసినవాళ్లు ఇదే చెప్పారు. పైనుంచి వచ్చే శత్రువుకి ఒక కేక, నేలమీద వచ్చేదానికి ఇంకో కేక. సాగదీసిన సన్నటి కేక ఎటునుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం, అందుకని అరిచిన కోడి ఎక్కడుందో డేగకి అంత తేలిగ్గా తెలీదు. రికార్డు చేసిన ఆ కేకని వినిపిస్తే చాలు, అక్కడ డేగ లేకపోయినా కోళ్లు నక్కి పైకి చూస్తాయి. మా అమ్మకి ఈ పరిశోధనల సంగతి తెలీదు. నలభై ఏళ్లుగా కోళ్లని పెంచుతోంది, అంతే.

కాబట్టి డేగ వేట చూడాలనుంటే మీకు బైనాక్యులర్స్ అక్కర్లేదు. చెవులు చాలు. పెరడు హఠాత్తుగా చప్పబడితే చేస్తున్న పని ఆపండి. ఉడుత ఎటు చూసి అరుస్తోందో అటు చూడండి. గోరింకలు ఏ కొమ్మ చుట్టూ గోల చేస్తున్నాయో ఆ కొమ్మ చూడండి. చాలాసార్లు డేగ ఆకుల గుబురులో కదలకుండా కూర్చుని ఉంటుంది. ఒక్క జాగ్రత్త. పసులపోలిగాడు మాటలు మాత్రం అన్నీ నమ్మకండి. అది జాలెడేగ గొంతుని అచ్చం అలాగే పలుకుతుంది. నేను రెండుసార్లు మోసపోయాను.

కోళ్లు పెంచేవాళ్లకి ఒక్క మాట. డేగ మీద రాళ్లు వెయ్యకండి, ఉండేలు ఎత్తకండి. పిల్లలు కాస్త ఎదిగేదాకా గంప కింద మూసిపెట్టండి. మా అమ్మ ఆ మర్నాటి నుంచే ఆ పని మొదలెట్టింది.

మొన్న మా వీధిలో పెళ్లి. ఫొటోలవాళ్లు డ్రోన్ ఎగరేశారు. అది మా పెరటి మీదకి వచ్చిందో లేదో, పెట్ట ఆ కేకే పెట్టింది, సాగదీసి, ఒక్కటే. ఎదిగిన పిల్లలన్నీ అరుగు కిందకి దూరాయి. అమ్మ వంటింట్లోంచి "డేగరా" అంది.

నేను పైకి చూసి, "అవునమ్మా" అన్నాను.