పన్ను పీకే ముందు నాలుగు గోళీలు

తమ్ముడు: నమస్కారం, నల్లగొండ నుంచి మళ్లీ మేమే. ఈవారం గుండె జబ్బులవాళ్లు పళ్ల డాక్టరు దగ్గరికి పోతే ఏం చేయాలన్నది. అక్కా, స్టీల్ డబ్బా తెచ్చావా?

అక్క: తెచ్చాను, నీకు పెట్టను. పోయినవారం చాలు. విషయం చిన్నదే. పన్ను పీకినప్పుడు నోటి క్రిములు రక్తంలోకి పోయి గుండెకు పట్టొచ్చు. ఆ భయం ఎక్కువున్నది ఎవరికంటే, గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు, ఒకసారి గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చి బతికినవాళ్లు, పుట్టుకతో కొన్నిరకాల గుండె లోపాలున్నవాళ్లు. వీళ్లకు పన్ను పీకుతున్నా, చిగురు తెగే పని ఏదున్నా, అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు. 500 మిల్లీగ్రాములవైతే నాలుగు, ఒక్కసారే. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందు. అంతే.

తమ్ముడు: పళ్ల మాటొస్తే మన దగ్గర ముందు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి మాట్లాడాలి. మర్రిగూడ దిక్కు...

అక్క: వద్దు తమ్మీ.

తమ్ముడు: సరే. మరి అమ్మకు స్టెంట్ ఉంది కదా. పన్ను పీకించుకునే రోజు మెడికల్ షాపులో ఆ గోళీలే తెచ్చి వేశాను.

అక్క: ఎవరు వేయమన్నారు? స్టెంట్‌కు అక్కర్లేదు.

తమ్ముడు: వేస్తే పోయేదేముంది?

అక్క: ఎందుకు పోదు? పడకపోతే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడదు. విరేచనాలు. రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచేయకపోవచ్చు.

తమ్ముడు: ఒకప్పుడు డాక్టర్లే అందరికీ రాసేవాళ్లు కదా! వాల్వు కాస్త జారినా రాసేవాళ్లు.

అక్క: రాసేవాళ్లు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ జాబితాను బాగా కోసేసింది. రోజూ బ్రష్ చేసినా, నమిలినా నోట్లో క్రిములు రక్తంలోకి పోతూనే ఉంటాయి. ఏడాదికోసారి వేసే గోళీ కంటే చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవడమే ఎక్కువ కాపాడుతుంది. 2021లో మళ్లీ చూసి అదే మాటన్నారు, పెన్సిలిన్ పడనివాళ్లకు ఇచ్చే క్లిండామైసిన్ కూడా వద్దన్నారు.

తమ్ముడు: అమెరికావాళ్లు బోరు నీళ్లు తాగారా?

అక్క: మళ్లీ నీళ్లేనా!

తమ్ముడు: మరి మన మేనమామ సంగతి? వాల్వు మార్పించుకున్న మనిషి. పన్ను పీకినాయన గుండె గురించి అడగనే లేదు.

అక్క: ...అవును. తర్వాత రోజుల తరబడి సన్నజ్వరం. టైఫాయిడ్ అని మందులు మింగించారు.

తమ్ముడు: గుండె పొరకు ఇన్ఫెక్షన్ అని తేలేసరికి మనిషి సగమయ్యాడు.

అక్క: అందుకే చెప్తున్నా. వాల్వు ఉన్నవాళ్లకు జ్వరం తగ్గకపోతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు ఇవ్వాలి. గోళీలు మింగాక ఇస్తే క్రిమి దొరకకపోవచ్చు. ఇంకోటి, రక్తం గడ్డకట్టకుండా అసిట్రామ్ వాడేవాళ్లు పన్ను కోసమని సొంతంగా ఆపొద్దు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుని గుండె డాక్టరును అడగాలి. కీళ్లవాత జ్వరంతో వాల్వు చెడినవాళ్లు మన దగ్గర ఎక్కువ, వాళ్లు ఆ అమెరికా జాబితాలో లేరు. వాళ్లు కూడా ఆయన్నే అడగాలి.

తమ్ముడు: మామ పళ్లు కూడా గారపళ్లే. ఆ కాలంలో ఊళ్లో కృష్ణా నీళ్లు ఎక్కడివి?

అక్క: దానికీ దీనికీ సంబంధం లేదురా!

తమ్ముడు: ఉందని అన్నానా? నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి మన జిల్లా పేరుతో నాగ్‌పూర్ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీవాళ్లు పెట్టిన పద్ధతి ఉంది, నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి తేరనిస్తే...

అక్క: బ్యాటరీ ఎర్రగా వెలుగుతోంది.

తమ్ముడు: వచ్చేవారం అదే చెప్తా.

అక్క: వచ్చేవారం మోకాళ్లు. చిప్పలు మార్పించుకున్నవాళ్లు అడుగుతున్నారు, పన్ను పీకించుకుంటే మాకూ గోళీలు కావాలా అని.

తమ్ముడు: కావాలా?

అక్క: మామూలుగా అక్కర్లేదు.

తమ్ముడు: అయితే ఆ ఎపిసోడ్ అయిపోయినట్టే. ఫ్లోరైడే.