ఖాళీగా కనిపించే పని

శ్రోతలందరికీ నమస్కారం.

లెక్కల ప్రొఫెసర్ అనగానే చాలామందికి బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొస్తారు. క్లాసు చెప్పడం మా ఉద్యోగంలో బయటికి కనిపించే సగం. రెండో సగం పరిశోధన. అది ఎప్పుడు జరుగుతుందో, ఎలా జరుగుతుందో ఒక్కోసారి ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా గుంటూరులో లెక్కలు చెప్పాను. మొదట డిగ్రీ కాలేజీలో, ఆ తర్వాత యూనివర్సిటీలో. అన్నాళ్ళూ బ్రాడీపేటలో ఉమ్మడి కాపురం. ఆ రెండో సగం గురించీ, అది సాగాలంటే ఇల్లు ఏం చేయాలన్న దాని గురించీ ఇవాళ మాట్లాడతాను.

కెమిస్ట్రీ వాళ్ళకి ల్యాబ్ ఉంటుంది. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తారు, పనికి వెళ్ళొచ్చారని అందరికీ తెలుస్తుంది. లాం ఫారంలో పనిచేసే వ్యవసాయ శాస్త్రవేత్తకి మడులుంటాయి, మొక్కలుంటాయి. లెక్కల మనిషికి కావలసింది కాగితం, పెన్ను, ఒక కుర్చీ. అందులోనూ పెన్ను కదిలే సమయం తక్కువ. మిగతాదంతా ఎటో చూస్తూ కూర్చోవడమే. అలా కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా ఖాళీగా ఉందనే అనిపిస్తుంది. "ఊరికే కూర్చున్నావుగా, గ్యాస్ బండ వచ్చింది, కాస్త చూడమ్మా" అంటారు. అడిగినవాళ్ళ తప్పు కూడా కాదది.

ఆ సమయంలో లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఒక సిద్ధాంతం రుజువు చేయాలంటే ముందు నాలుగైదు షరతుల్ని ఒకేసారి తలలో నిలబెట్టుకోవాలి. మొదటిది తీసేస్తే ఏమవుతుంది, మూడోది కొంచెం సడలిస్తే ఏమవుతుంది అని తిప్పి తిప్పి చూడాలి. అవన్నీ తలలో కుదురుకోవడానికే అరగంటో ముప్పావుగంటో పడుతుంది. కాలింగ్ బెల్ మోగి లేచామా, మొత్తం జారిపోతుంది. మళ్ళీ మొదటినుంచి పేర్చుకోవాలి. గంటలో నాలుగుసార్లు లేచిన మనిషికి పావుగంట పోయిందని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి పోయింది గంటా.

నా సబ్జెక్టు లాటిస్ సిద్ధాంతం. పేరు కొత్తగా ఉన్నా దాని మొదలు మీకు తెలిసిందే. బళ్ళో కసాగు, గసాభా చేశారు కదా. 12, 18 తీసుకోండి. రెండింటినీ భాగించే సంఖ్యల్లో పెద్దది 6. రెండింటితోనూ భాగించగలిగే సంఖ్యల్లో చిన్నది 36. ఇప్పుడు 6ని 36తో హెచ్చిస్తే 216. 12ని 18తో హెచ్చించినా 216. ఏ రెండు సంఖ్యలు తీసుకున్నా ఇంతే, కావాలంటే ఈ ప్రసంగం అయ్యాక చేసి చూడండి. ఇక సంఖ్యల్ని పక్కన పెట్టి, ఏ రెండింటికైనా పైన కలిసే చోటు ఒకటి, కింద కలిసే చోటు ఒకటి ఉండే అమరికలు ఇంకేమేం ఉన్నాయి, వాటిలో మనకి అలవాటైన నియమాలు ఎంతవరకు నిలుస్తాయి, ఎక్కడ చెడతాయి అని అడగడం మొదలుపెడితే అదే లాటిస్ సిద్ధాంతం. చిన్న పిల్లల లెక్కల పుస్తకంలో పుట్టిన ప్రశ్న ఒక మనిషి జీవితకాలం సరిపోనంత దూరం వెళ్తుంది. ఎమ్మెస్సీలో నాకు దానిమీద ఇష్టం పుట్టింది. రిటైరయ్యాక కూడా తగ్గలేదు.

అప్పట్లో కాలేజీ లెక్చరర్లు పీహెచ్‌డీ చేయడానికి యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారి ఫ్యాకల్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ అని ఉండేది. జీతం వస్తూనే ఉంటుంది, కాలేజీ డ్యూటీ ఉండదు, యూనివర్సిటీలో చేరి పరిశోధన చేసుకోవచ్చు. నాకు ఆ అవకాశం వచ్చేసరికి పెద్దమ్మాయి పలక పట్టింది, చిన్నవాడు ఇంకా చంక దిగలేదు. మావారు బ్యాంకు ఆఫీసరు, మూడేళ్ళకోసారి ట్రాన్స్‌ఫర్. కాలేజీ నుంచి సెలవు దొరికింది సరే, ఇంటి నుంచి ఎవరిస్తారు?

మా అత్తయ్యగారు ఇచ్చారు.

ఆవిడ చదివింది ఐదో తరగతి. అయితే మా లైనులో చీటీల లెక్కలో, వడ్డీ లెక్కలో ఎవరికి తేడా వచ్చినా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఓ మధ్యాహ్నం వసారాలో చాప మీద ఎండు మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తున్నారు. పక్కింటావిడ వచ్చి, "యాభై వేలు రూపాయిన్నర వడ్డీకి ఇచ్చాం పిన్నిగారూ, పదకొండు నెలల పద్నాలుగు రోజులైంది, ఎంత రావాలి?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే నేను లోపల్నుంచి వచ్చి కూరేం చేయమంటారని అడిగాను. అత్తయ్యగారు తలెత్తకుండా అరచెయ్యి అడ్డంపెట్టి "లెక్కలో ఉన్నాను, ఆగమ్మా" అన్నారు. ఇద్దరం ఆగాం. చేతులు తొడిమలు తీస్తూనే ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. నూటికి రూపాయిన్నర అంటే నెలకి 750. 11 నెలలకి 8,250. రోజుకి 25, పద్నాలుగు రోజులకి 350. "ఎనిమిది వేల ఆరొందలు. అసలు కాక" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి దొండకాయ వేపుడు చేయమన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను. "అత్తయ్యా, ఇందాక మీరు లెక్కలో ఉన్నారు కదా, నేను ఆ గదిలో కూర్చుని చేసేదీ అదే. మీది రెండు నిమిషాల్లో తేలింది. నాది ఆర్నెల్లకి గానీ తేలదు. ఒక్కోసారి తేలకపోవచ్చు కూడా." ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆర్నెల్లూ ఒకటే లెక్కా?" అన్నారు. ఒకటేనన్నాను. "మరి మధ్యలో ఎవరైనా పలకరిస్తే?" అన్నారు. అంతకుముందు యూనివర్సిటీలో కూడా నన్ను అంత సరైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

మర్నాటి నుంచి గుమ్మంలోకి ఎవరొచ్చినా, బంధువులైనా, మా కాలేజీ వాళ్ళైనా, "కోడలు లెక్కలో ఉంది, తర్వాత రండి" అని ఆవిడే చెప్పి పంపేవారు. తెల్లవారుజామున కొంతసేపు, పెద్దమ్మాయి బడికి వెళ్ళాక భోజనాల వేళ దాకా ఆ గది తలుపు ఎవరూ తట్టేవారు కాదు. చిన్నవాడు ఏడిస్తే ఆవిడే ఎత్తుకుని వీధి చివరిదాకా తిప్పుకొచ్చేవారు. నా థీసిస్‌లో గైడ్ పేరు తర్వాత కృతజ్ఞతలు చెప్పుకున్న పేరు ఆవిడదే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారి పేరు మీరు వినే ఉంటారు, ప్రపంచం సి.ఆర్.రావు అని పిలుచుకునే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త. చిన్నప్పుడు మన నూజివీడు, నందిగామల్లో చదువుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళారు. 1945లో, పాతికేళ్ళ వయసులో ఆయన రాసిన పేపరులోని ఫలితాన్నే ఇవాళ ప్రపంచమంతా క్రామర్-రావు అసమానత అని చదువుకుంటోంది. లెక్క కట్టి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే సూత్రం అది. 2023లో, 102 ఏళ్ళ వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, ఆ ఏడే ఆగస్టులో కన్నుమూశారు. ఆయన తన తల్లి లక్ష్మీకాంతమ్మగారికి ఒక పుస్తకం అంకితమిస్తూ, చిన్నతనంలో అమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించేదని రాసుకున్నారు. ఆయన పదిమంది పిల్లల్లో ఎనిమిదోవారు. పదిమందిని కన్న తల్లి, ఇంటెడు చాకిరీ ముందుండగా, నాలుగింటికి లేచి ఒక పిల్లవాడి ఆలోచనకి చోటు కల్పించింది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మగవాళ్ళ విషయంలో ఇలాంటి దీపాలు వెలిగించేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉన్నారు. అమ్మ, తర్వాత భార్య. ఆడపిల్ల లెక్కల్లోకి వచ్చేసరికి దీపం వెలిగించే పని కూడా ఆమెదే అవుతోంది. మంగళా నార్లీకర్ గారని బొంబాయి గణితవేత్త. ఎమ్మే అయ్యాక పెళ్ళి, విదేశాల్లో కాపురం, పిల్లలు. అన్నీ ఒక దారికొచ్చాక 1981లో సంఖ్యా సిద్ధాంతంలో, అంటే నంబర్ థియరీలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. మా తరం చదువుకున్న ఆడవాళ్ళు చాలామంది ఇంటి బాధ్యతల్నే ముందు పెట్టుకున్నారని, తన కథా అదేనని ఆవిడే రాశారు. 2023లో పోయారు. ఆ మధ్యలోని ఏళ్ళు కూడా ఆవిడకి దక్కి ఉంటే ఎంత చేసి ఉండేవారో!

గణితంలో అతి పెద్ద గౌరవాల్లో ఒకటి ఫీల్డ్స్ మెడల్. 1936 నుంచి ఇస్తున్నారు. అందులో మొదటి మహిళ పేరు రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఆవిడ ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ. పెద్ద పెద్ద కాగితాలు నేలమీద పరుచుకుని, బొమ్మలు గీస్తూ, పక్కన సూత్రాలు రాస్తూ ఆలోచించేది. చిన్న కూతురు అది చూసి అమ్మ బొమ్మలేస్తోంది అనేదట. నలభై ఏళ్ళకే, 2017లో క్యాన్సర్‌తో పోయింది. ఆ నేల మీది కాగితాల గురించి చదివినప్పుడు నాకు ముందుగా తోచిన సంగతి, ఆ ఇంట్లో వాటిని ఎవరూ చుట్టి అటక మీద పెట్టలేదని.

మావారి సంగతి కూడా చెప్పాలి. ప్రమోషన్ తీసుకుంటే వేరే రాష్ట్రం వెళ్ళాల్సిన సమయంలో ఆయన దాన్ని వదులుకున్నారు. నా థీసిస్ చివరి దశలో ఉంది. బంధువుల్లో చాలా మాటలు వచ్చాయి. అదే నేను ఉద్యోగం వదిలి ఆయన వెంట వెళ్ళి ఉంటే ఒక్కరూ మాట అనేవారు కాదు. ఓ ఇంటర్వ్యూలో నన్ను "పిల్లలు చిన్నవాళ్ళు కదా, రీసెర్చ్ ఎలా చేస్తారు?" అని అడిగారు. నా తర్వాత లోపలికి వెళ్ళినాయనకీ ఇద్దరు చిన్నపిల్లలే. ఆయన్ని అడిగినవన్నీ సబ్జెక్టు ప్రశ్నలు.

నేను చూసినంతవరకు ఇప్పుడు ఎమ్మెస్సీ మ్యాథ్స్ క్లాసులో ఆడపిల్లలే ఎక్కువ. మంచి మార్కులూ వాళ్ళవే. పీహెచ్‌డీ దగ్గరకొచ్చేసరికి ఆ ముఖాలు కనపడవు. "అంతకన్నా ఎక్కువ చదివిన అబ్బాయిని ఎక్కణ్ణుంచి తెస్తాం మేడమ్" అని తల్లిదండ్రులు నాతోనే అన్నారు. చేరినవాళ్ళకి కూడా మధ్యలో పెళ్ళవుతుంది. యూజీసీ నిబంధనలు కొంత దయగానే ఉన్నాయి. పీహెచ్‌డీకి ఉన్న గరిష్ఠ గడువు మీద మహిళలకి రెండేళ్ళు అదనంగా ఇవ్వొచ్చు. మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు ఉంది. పరిశోధన చేస్తున్న కోడలు ఉన్న ఇళ్ళల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, అందుకే రేడియోలో చెప్తున్నాను. కానీ గడువు పెరిగినంత మాత్రాన తలుపు మూసుకునే గంట దొరకదు. అది ఇంట్లోనే దొరకాలి.

అందుకని నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయికి పెళ్ళి కుదిరితే నేనే అత్తవారింటికి వెళ్ళేదాన్ని. ఏం చదువుతోందో చెప్పి, కసాగు గసాభాల లెక్క చేసి చూపించి, రోజులో ఫలానా సమయం ఈ అమ్మాయిది అని పెద్దల చేత అనిపించుకుని వచ్చేదాన్ని. ఒకసారి అలాగే విజయవాడ వన్‌టౌన్‌లో ఓ బట్టల వ్యాపారి ఇంటికి వెళ్ళాను. మామగారు అంతా విని, మేడమీద సరుకు పెట్టుకునే గది ఖాళీ చేయించి ఇచ్చారు. ఆ అమ్మాయి థీసిస్ అంతా అక్కడే రాసింది.

వైవా, అంటే థీసిస్ మీద ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే పరీక్ష రోజున ఆయన షాపు మూసి మరీ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. పరీక్షకులు డిగ్రీకి సిఫారసు చేస్తున్నామని చెప్పాక నా దగ్గరికి వచ్చి, "మేడమ్ గారూ, కోడలు కనిపెట్టిన ఈ కొత్త లెక్క ఎవరికి పనికొస్తుందండీ?" అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంగ్లండులో పుట్టిన జార్జి బూల్ అనే ఆయన తర్కాన్ని బీజగణితంలా రాస్తూ 1854లో పుస్తకం వేశారు, మేం చేసే లాటిస్‌లలో ఒక రకానికి ఆయన పేరే ఉంది, 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ కుర్రాడు ఆ లెక్కతో కరెంటు స్విచ్చుల సర్క్యూట్లు డిజైన్ చేయొచ్చని చూపించాడు, మీ జేబులో ఫోను దాకా వచ్చింది ఆ దారినే అన్నాను. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "ఎనభై మూడేళ్ళు. అంటే మా మనవళ్ళ కాలానికన్నమాట" అన్నారు. "సరే కానివ్వండి. ఆ గది ఇంకెవరికీ ఇవ్వంలెండి, తర్వాతి లెక్క మొదలుపెట్టుకోమనండి" అన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతోంది. ఆ గదిలోనే కూర్చుని ఇంకా పేపర్లు రాస్తోంది.

సెలవు, నమస్కారం.