మూడుసార్లు బెల్ కొడితే మూడో వాటా

[తెరపై: పెద్ద చెక్క తలుపు. ఒకే కాలింగ్ బెల్. దాని కింద పేర్ల చీటీ.]

ఈ చీటీ చూడండి. మొదటి వాటా వాళ్ల కోసమైతే బెల్ ఒక్కసారి కొట్టాలి. రెండో వాటాకి రెండుసార్లు. ఇలా ఐదు కుటుంబాలు, ఇల్లు మాత్రం ఒక్కటే. విప్లవం రష్యాను ఎలా మార్చిందని ఎవరైనా అడిగితే, లెనిన్ ఉపన్యాసాల కంటే ముందు నాకు ఈ తలుపే గుర్తొస్తుంది.

1917లో బోల్షివిక్కులు, అంటే లెనిన్ నడిపిన కమ్యూనిస్టులు, అధికారంలోకి వచ్చారు. మరుసటి ఏడాది ఆగస్టులో పెద్ద ఊళ్లలో ఇళ్ల మీద సొంత హక్కు రద్దయింది. పెత్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ఏడెనిమిది గదుల్లో దర్జాగా బతికిన కుటుంబాలు ఒకటి రెండు గదుల్లోకి సర్దుకున్నాయి. మిగతా గదుల్లోకి, అప్పటిదాకా నేలమాళిగల్లో, బ్యారక్‌లలో మగ్గిన కార్మికులు దిగారు. ఇలాంటి ఇంటిని రష్యాలో కొమునాల్కా అంటారు. మన వాటాల ఇల్లే అనుకోండి, కాకపోతే ఓనరు ప్రభుత్వం.

[తెరపై: వంటగది. వరసగా ఐదు కిరోసిన్ స్టవ్‌లు.]

వంటగది అందరిదీ, కుంపటి మాత్రం ఎవరిది వాళ్లదే! బాత్రూమ్‌లో కూడా వాటాకో బల్బు. దాని స్విచ్ ఎవరి గదిలో వాళ్లకుంటుంది. పొరపాటున పక్కవాళ్ల బల్బు వెలిగిందా, ఆ రోజు కురుక్షేత్రమే.

ఒకప్పుడు అదే ఇంట్లో గిన్నెలు తోమిన మనిషి ఇప్పుడు సాయంత్రం పలక పట్టుకుని కూర్చుంది. 8 నుంచి 50 ఏళ్ల మధ్యవాళ్లంతా చదవడం, రాయడం నేర్చుకోవాలని 1919 డిసెంబరులో డిక్రీ వచ్చింది మరి. 9 నుంచి 49 ఏళ్ల వాళ్లలో 1897లో నూటికి 28 మందికే చదువొచ్చు. 1939కి ఆ లెక్క 87 అయింది. నాకైతే ఆ పాలనలో అన్నిటికంటే గట్టిగా నిలబడ్డ పని ఇదే.

ఆడవాళ్ల సంగతి అంత సూటిగా లేదు. విడాకులు తేలికయ్యాయి, ఫ్యాక్టరీ ఉద్యోగాలొచ్చాయి. షిఫ్ట్ అయ్యాక స్టవ్ ముందు నిలబడేది మాత్రం వాళ్లే. 1920లో అబార్షన్‌ను చట్టబద్ధం చేసిన ప్రభుత్వమే 1936లో నిషేధించింది.

[తెరపై: మూటలతో రైలు దిగుతున్న జనం.]

1929 నుంచి భూములను బలవంతంగా సామూహిక క్షేత్రాల్లో కలిపారు. 1932-33 కరువులో ఉక్రెయిన్, కజకిస్తాన్, వోల్గా ప్రాంతాల్లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. బతికినవాళ్లు పట్నం బాట పట్టకుండా దేశం లోపల తిరగడానికే పాస్‌పోర్ట్ పెట్టారు. దాన్ని పల్లెల్లోని రైతులకు ఇవ్వలేదు. ఆ నిబంధన మారింది ఎప్పుడో తెలుసా? 1974లో! పొలం ప్రభుత్వానిది, రైతు పొలానికి కట్టేసిన మనిషి.

ఎలాగో పట్నం చేరినవాళ్లతో ఆ వాటాలు ఇంకా కిక్కిరిశాయి. స్టాలిన్ పాలనలో అరెస్టులు ముమ్మరమైన 1937 నాటికి గోడలకు చెవులున్నాయన్నది సామెతలా మిగల్లేదు. పక్కగది మనిషి అరెస్టయితే ఆ గది ఖాళీ అవుతుంది. ఆ ఆశతో ఫిర్యాదు రాసినవాళ్లూ ఉన్నారు.

[తెరపై: ఒకే అచ్చులో పోసినట్టున్న ఐదంతస్తుల బిల్డింగులు.]

స్టాలిన్ పోయాక, 1957 నుంచి కొత్త నాయకుడు క్రుశ్చేవ్ ఇలాంటివి వేలకు వేలు కట్టించాడు. లిఫ్ట్ లేదు, వంటగది ఆరు చదరపు మీటర్లు ఉంటే ఎక్కువ. అయినా కుటుంబానికో తలుపు, తలుపుకో బెల్. రాత్రయ్యాక స్నేహితులు ఆ ఇరుకు వంటగదిలోనే చేరేవాళ్లు. ముందు కుళాయి తిప్పేవాళ్లు, నీళ్ల చప్పుడులో మాటలు బయటికి వినపడకుండా. ఆ తర్వాతే రాజకీయాలు.