ఎర్రర్ రాని క్వెరీతోనే అసలు టెన్షన్

ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాషలో, మనం అడిగే ప్రశ్నే క్వెరీ. ఎర్రర్ కొట్టే క్వెరీ అంటే నాకు భయం లేదండి, తప్పు ఎక్కడుందో అదే చెప్తుంది. ఏ ఎర్రరూ లేకుండా సెకనులో వచ్చేసి తప్పుడు జవాబు చేతిలో పెట్టే క్వెరీలుంటాయి చూడండి, ఈ వీడియో వాటి గురించి.

ఉద్యోగం కొత్తలో ఒక కోచింగ్ సెంటర్‌కి ఫీజుల సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. స్టూడెంట్స్ ఒక టేబుల్, పేమెంట్స్ ఇంకో టేబుల్. ఒక్క రూపాయి కూడా కట్టనివాళ్ల లిస్టు కావాలన్నారు. ఇంతేనా అనుకుని, పేమెంట్స్‌లో ఐడీ లేని పిల్లలందర్నీ తెమ్మని నాట్ ఇన్ పెట్టి రాసిచ్చేశాను. ఒక్క రో, అంటే ఒక్క వరస కూడా రాలేదు. అందరూ కట్టేశారని మేనేజర్ గారు స్వీట్లు తెప్పించారు, నేనూ రెండు తిన్నాను. సాయంత్రం క్యాష్ కౌంటర్ అక్క వచ్చి, "తమ్ముడూ, బాకీ ఎవరూ లేరన్నావు, ఇప్పుడే ఇద్దరొచ్చి మొదటి కంతు కట్టి వెళ్లారు మరి" అంది.

జరిగిందేంటంటే, ఎప్పుడో ఎవరో డబ్బు కడితే స్టూడెంట్ నంబర్ దొరక్క ఆ గడి ఖాళీగా వదిలేశారు. అంటే నల్. మొత్తం టేబుల్‌లో అలాంటిది ఒక్కటే ఉంది, అదొక్కటే చాలు. నల్ అంటే సున్నా కాదు, 'తెలీదు' అని. 23వ నంబర్ పిల్లాడు కట్టలేదా అని అడిగామనుకోండి, డేటాబేస్ ఒక్కో రసీదూ తిరగేస్తుంది: ఇది 5వ నంబర్‌ది, ఇది 8వ నంబర్‌ది, ఇదెవరిదో తెలీదు. ఆ తెలీనిది 23దే అయ్యుండొచ్చుగా! అందుకని 'కట్టలేదు' అని తేల్చదు, 'తెలీదు' అని ఊరుకుంటుంది. వేర్‌లో, అంటే షరతు రాసే చోట, నిజమని తేలితేనే రో బయటికొస్తుంది. కట్టినవాళ్లు ఎలాగూ రారు, కట్టనివాళ్ల సంగతి తెలీదంది, ఇంక మిగిలిందెవరు? మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎందులో చూసినా ఇంతే. బగ్ కాదు, ఎస్‌క్యూఎల్ పద్ధతే అది.

నాట్ ఇన్ తీసేసి నాట్ ఎగ్జిస్ట్స్ రాస్తే క్వెరీ సరైపోతుంది, ఎందుకంటే అది ఈ పిల్లాడి పేరుమీద రసీదుందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. కానీ నన్నడిగితే అసలు తప్పు క్వెరీది కాదు, టేబుల్‌ది. ఆ కాలమ్‌కి మొదటిరోజే నాట్ నల్ (ఖాళీ కుదరదని), ఫారిన్ కీ (స్టూడెంట్స్ టేబుల్‌లో ఉన్న నంబరే రాయాలని) పెట్టి ఉంటే ఖాళీ గడితో సేవ్ అయ్యేదే కాదు. మరి ఎవరిదో తెలీని డబ్బు ఎక్కడ రాయాలంటారా? అకౌంటెంట్లకి సస్పెన్స్ ఖాతా అని ఎప్పట్నుంచో ఉంది, దానికో టేబుల్ పెట్టండి, ఎవరిదో తేలాక ఇటు మార్చుకోవచ్చు.

ఇలాంటిదే లెఫ్ట్ జాయిన్‌తో ఇంకోటి. మొదటి టేబుల్‌లో అందర్నీ ఉంచి, రెండోదాంట్లో దొరికింది పక్కన చేర్చేదే లెఫ్ట్ జాయిన్. పిల్లలందరి పేర్లూ రావాలి, మార్చిలో కట్టినవాళ్లకి ఎదురుగా రసీదు కూడా కనిపించాలి. లెఫ్ట్ జాయిన్ రాసి, కింద వేర్‌లో పేమెంట్ నెల మార్చి అని పెడతారు. కట్టనివాళ్లకి ఆ నెల గడిలో ఉండేది నల్, పైన చెప్పిన కథే, వాళ్లంతా ఎగిరిపోతారు, మీ లెఫ్ట్ జాయిన్ కాస్తా, రెండు టేబుల్స్‌లోనూ ఉన్నవాళ్లనే తెచ్చే మామూలు ఇన్నర్ జాయిన్ అయి కూర్చుంటుంది. ఆ షరతుని వేర్‌లోంచి తీసి, జాయిన్ పక్కన రెండు టేబుల్స్‌నీ ఎలా కలపాలో రాసే ఆన్‌లో పెట్టండి, అంతే.

తారీఖులకి బిట్వీన్, అంటే ఇక్కణ్ణుంచి ఇక్కడివరకు అని రాసే షరతు కూడా చూసుకోవాలి. కాలమ్‌లో టైమ్ కూడా ఉంటే, మార్చి 1 నుంచి 31 వరకు అని రాసినప్పుడు 31 అంటే ఆ రోజు అర్ధరాత్రి 0 గంటలు, దాని తర్వాత ఆ రోజంతా పడ్డ డబ్బు లెక్కలోకి రాదు. మనవాళ్లు కట్టేదేమో ఆఖరి రోజు సాయంత్రమే! మార్చి 1 నుంచి, ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాసుకోండి.

ఇక సబ్జెక్టుల నంబర్లన్నీ ఒకే గడిలో కామాలు పెట్టి ఇరికించి, 3 కోసం లైక్‌తో, అంటే గడిలో 3 ఎక్కడున్నా పట్టుకొచ్చేలా వెతికేవాళ్లకి 13, 23 కూడా వస్తాయి. దానికి పిల్లాడి ఐడీ, సబ్జెక్ట్ ఐడీ ఉండే మధ్య టేబుల్ ఒకటి కట్టడం తప్ప వేరే దారి వెతక్కండి.

రిపోర్ట్ పంపేముందు నేనిప్పుడు ఒక లెక్క వేసుకుంటాను, కట్టినవాళ్లని డిస్టింక్ట్‌గా, అంటే ఒక్కొక్కర్ని ఒక్కసారే లెక్కపెట్టి, కట్టనివాళ్లని కలిపితే మొత్తం పిల్లల సంఖ్య రావాలి. ఆరోజు అదే చేసుంటే, 412 మందిలో 371 మంది కట్టారు, కట్టనివాళ్లు సున్నా, మరి 41 మంది ఎక్కడికెళ్లారని నేనే అడిగేవాణ్ణి, స్వీట్ల డబ్బులన్నా మిగిలేవి.